ఆస్తి, వారసత్వం, వీలునామా: పాల సంఘ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

(సభ్యుల శిక్షణ శిబిరంలో కో-ఆపరేటివ్ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



శిక్షణ శిబిరమంటే మేము మామూలుగా వెన్న శాతం గురించో, దాణా గురించో, సంఘ ఎన్నికల నియమాల గురించో మాట్లాడుతుంటాం. ఈసారి మనిషి పోయిన తరువాత అతని ఆస్తి ఏమవుతుందన్న విషయం ఎత్తుకున్నాం. సాయంత్రం పాలవేళకు ముందు ఈ అశుభం మాటలేమిటని వెనుక వరుసలోని పెద్దలు అనుకోవచ్చు. ఈ మాట ఎత్తవలసిన అవసరం మీ సంఘాల రిజిస్టర్లే మాకు కల్పించాయి.

తనిఖీకి వెళ్లినప్పుడు మేము మొదట అడిగేది సభ్యుల రిజిస్టరు. ఆ రిజిస్టరును, పాలు పోసే రోజువారీ పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిత్రం కనబడుతుంది. ఎప్పుడో కాలం చేసిన సభ్యులు రెండు పూటలా పాలు పోస్తూనే ఉంటారు! కార్యదర్శిని అడిగితే, "ఆయన పోయి నాలుగేళ్లయింది సార్, ఆయన నెంబరు మీద ఇంటావిడ పోస్తోంది" అంటాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే. డబ్బు సక్రమంగా అందుతున్నంత కాలం ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇబ్బంది ఎలా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాం. ఊరి పేరు, మనుషుల పేర్లు అవసరం లేదు.

ఒక సభ్యుడు రెండు గేదెలు, ఇద్దరు ఆడపిల్లలు, భార్య, ముసలి తల్లిని వదిలి ఆకస్మికంగా చనిపోయాడు. భార్య ఆరేళ్లపాటు ఆయన నెంబరు మీదే పాలు పోసింది. బిల్లు ఆయన బ్యాంకు ఖాతాలోనే పడేది. ఆమె కార్డు పెట్టి తీసుకునేది. ఒకరోజు బ్యాంకు వారు ఖాతాదారు వచ్చి కాగితాలు కొత్తగా ఇవ్వాలన్నారు. ఆమె ఉన్న సంగతి చెప్పింది. ఖాతా ఆగిపోయింది. అందులో నలభై వేల పైచిలుకు ఉంది. నామినీ ఎవరని చూస్తే, చనిపోయినాయన తమ్ముడు! పెళ్లికి ముందు ఖాతా తెరిచినప్పుడు రాయించిన పేరు, తరువాత ఎవరూ మార్చలేదు. సంఘంలో సభ్యత్వ ఫారంలోనూ అదే పేరు. తమ్ముడు వచ్చి, "కాగితంలో పేరు నాదే కదా" అని వాటా ధనం, నిలవ ఉన్న బోనసు తీసుకున్నాడు, బ్యాంకు డబ్బుకూ దరఖాస్తు పెట్టాడు. అతను దుర్మార్గుడేమీ కాదు. నామినీ అంటే సొంతదారని నిజంగానే నమ్మాడు.

ఆ ఆరేళ్లూ గడ్డి కోసిందెవరు, పాలు పిండిందెవరు అనేది రిజిస్టరులో ఉండదు. భర్త పోయిన తరువాత పోసిన పాల డబ్బు న్యాయంగా ఆమె సొంత కష్టార్జితం. కానీ ప్రతి చీటీ మీదా చనిపోయినవాడి పేరు ఉంటే ఆ మాట రుజువు చేసుకోవలసిన భారం ఆమె మీదే పడింది. పెద్దమనుషులు, ముఖ్యంగా ఆ ముసలి అత్తగారు గట్టిగా నిలబడటం వల్ల తమ్ముడు చివరికి దిగివచ్చాడు. ఆ లోగా రెండేళ్లు గడిచాయి, ఆమె ఒక గేదెను అమ్ముకుంది. దీనిలో మా తప్పూ ఉంది. ఆ ఆరేళ్లలో తనిఖీ చేసినట్లు ఆ రిజిస్టరులో మా సంతకాలు కూడా ఉన్నాయి. పాల లెక్క సరిపోయిందా అని చూశామే గాని, సభ్యుడు బతికి ఉన్నాడా అని చూడలేదు.

అందుచేత మొదటి మాట నామినీ గురించి. నామినీ అంటే డబ్బు పుచ్చుకునేవాడు మాత్రమే. బ్యాంకు గాని సంఘం గాని నామినీ చేతికి ఇస్తే వారి బాధ్యత తీరుతుంది. పుచ్చుకున్న నామినీ ఆ డబ్బును చట్టప్రకారం వారసులకు అప్పగించాలి. బీమా పాలసీ విషయంలో సుప్రీంకోర్టు 1983లోనే ఈ మాట స్పష్టంగా చెప్పింది. తరువాత 2015లో బీమా చట్టాన్ని సవరించి, భార్య లేక భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీగా ఉంటే ఆ సొమ్ము వారికే చెందేటట్లు నిబంధన పెట్టారు. బ్యాంకు ఖాతాకు, సంఘంలో వాటా ధనానికి ఆ నిబంధన లేదు. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి వరకు నామినీలను రాయించుకునే వీలు వచ్చింది. నామినీ మైనరు అయితే వారి తరఫున సొమ్ము తీసుకునే పెద్దవారి పేరు కూడా రాయించాలి.

మరి వారసులు ఎవరు? హిందువులకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఉంది. ముస్లిం సోదరులకు వారి ధర్మశాస్త్రం, క్రైస్తవ సోదరులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తాయి. షెడ్యూల్డు తెగల వారికి 1956 చట్టం వర్తించదు, వారి ఆచారమే ప్రమాణం. ఈ సభలో ఎక్కువమందికి వర్తించేది కనుక 1956 చట్టాన్నే తీసుకుంటాం.

మగవాడు వీలునామా రాయకుండా పోతే అతని స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వస్తుంది. తల్లిని అందరూ మరిచిపోతారు! అన్నదమ్ములు ఈ వరుసలో లేరు. తండ్రి కూడా లేడు. ఇందాక చెప్పిన సంసారంలో భార్య, ఇద్దరు కూతుళ్లు, తల్లి కలిసి నాలుగు సమాన వాటాలు. నామినీగా ఉన్న తమ్ముడికి ఒక్క పైసా లేదు.

లెక్క వేసి చూద్దాం. ఒకాయనకు స్వార్జితం మూడెకరాలుంది, అంటే 300 సెంట్లు. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. అయిదు వాటాలు, ఒక్కొక్కటి 60 సెంట్లు. ఇక్కడితో అయిపోలేదు. కొన్నాళ్లకు తల్లి పోయింది. ఆమె 60 సెంట్లు ఆమె పిల్లలందరికీ పోతుంది. చనిపోయిన కొడుకు బిడ్డలకు తండ్రి వాటా దక్కుతుంది గాని, ఆమె మిగతా కొడుకులు, కూతుళ్లు కూడా ఆ పొలంలోకి హక్కుదారులుగా వస్తారు. అన్న స్వార్జితంలో తమ్ముడికి నేరుగా హక్కు లేకపోయినా, తల్లి ద్వారా వచ్చే దారి ఇది. మేము చూసిన పొలం తగాదాల్లో చాలావాటికి మూలం ఇలా ఎవరూ లెక్కపెట్టని ఒక మనిషి వాటా.

పిత్రార్జితం సంగతి వేరు. అందులో కొడుకులకు పుట్టుకతోనే హక్కు ఉండేది. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వ కాలంలో, 1985 సెప్టెంబరు 5 నుంచి అమలయ్యేటట్లు, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చారు. దేశమంతటా 2005 సెప్టెంబరు 9 నుంచి, పెళ్లయినా కాకపోయినా, కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకాలను మాత్రం కదిలించరు.

ఇక్కడ అన్నదమ్ములకు ఒక మాట. "పిల్లకు కట్నం ఇచ్చాం, పసుపుకుంకుమలు పెట్టాం, ఇంకేమి వాటా?" అని అడుగుతుంటారు. కట్నం ఇచ్చినందువల్ల కూతురి హక్కు పోదు. ఆమె మనస్ఫూర్తిగా వదులుకుంటే అది రిజిస్టరు దస్తావేజుగా ఉండాలి. పండక్కి వచ్చినప్పుడు తెల్లకాగితం మీద పెట్టించుకున్న సంతకం చెల్లదు. ఆ సంతకం పెట్టించుకున్న తీరు ఆ పిల్ల మరిచిపోదు కూడా.

ఇక అక్కచెల్లెళ్ల ఆస్తి. ఈ సంఘంలో సభ్యత్వం, గేదెల రుణం, ఖాతా చాలావరకు ఆడవారి పేరు మీదే ఉన్నాయి. కాబట్టి ఈ భాగం శ్రద్ధగా వినండి. ఆడమనిషి వీలునామా లేకుండా పోతే ఆమె ఆస్తి మొదట కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు వస్తుంది. వాళ్లెవరూ లేకపోతే? పుట్టింటివారికి కాదు, భర్త తరఫు వారసులకు పోతుంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రమే, సంతానం లేనప్పుడు, తండ్రి వారసులకు తిరిగి వెళుతుంది. ఆమె రెక్కల కష్టం మీద సంపాదించినది అలా వెళ్లదు.

2009లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసు వినండి. 1955లో ఒక అమ్మాయికి పెళ్లయింది. మూడు నెలలకే భర్త పాముకాటుతో పోయాడు. అత్తవారు ఆమెను వెళ్లగొట్టారు. పుట్టింటివారు తెచ్చుకుని చదివించారు, ఉద్యోగం చేసింది, డబ్బు కూడబెట్టింది. 1996లో వీలునామా రాయకుండానే చనిపోయింది. తల్లి అడిగింది, భర్త తరఫు వాళ్లూ అడిగారు. ఆమె సొంత సంపాదన భర్త తరఫు వారసులకే చెందుతుందని తీర్పు వచ్చింది. చట్టం అలా ఉంది, మేము జాలిపడి ప్రయోజనం లేదన్నది కోర్టు. వెళ్లగొట్టిన ఇంటికే ఆ డబ్బు పోయింది! తల్లి పేరు రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టిన ఒక్క కాగితం ఉంటే అలా జరిగేది కాదు. 2025లో సుప్రీంకోర్టే ఆడవారందరూ, ముఖ్యంగా ఈ పరిస్థితిలో ఉన్నవారు, వెంటనే వీలునామాలు రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది. పిల్లలు లేని అక్కచెల్లెళ్లు, చిన్నవయసులో భర్త పోయినవారు ఈ సంఘంలోనూ ఉన్నారు. వారు మా మాట వాయిదా వేయవద్దు.

వీలునామా రాయడం అందరూ అనుకునేంత కష్టం కాదు. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాయవచ్చు. రాసేవారికి 18 ఏళ్లు నిండి, మతి స్థిమితంగా ఉండాలి. సంతకం గాని వేలిముద్ర గాని వేయాలి. ఇద్దరు సాక్షులు ఉండాలి. వీలునామా రాసినవారు సంతకం పెట్టడం వారు చూసి ఉండాలి, లేదా ఇది నా సంతకమేనని ఆయన నోట విని ఉండాలి. సాక్షులు ఆయన ఎదుటనే సంతకాలు చేయాలి. ఆస్తి ముట్టేవారిని సాక్షులుగా పెట్టవద్దు, అనుమానాలకు తావిస్తుంది. మీకంటే వయసులో చిన్నవారిని పెట్టుకోండి. తగాదా వస్తే కనీసం ఒక సాక్షి కోర్టులో చెప్పవలసి ఉంటుంది. మీ ఈడువారిని సాక్షులుగా పెడితే, అవసరం వచ్చే నాటికి వారూ ఉండకపోవచ్చు.

రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు. అయినా చేయించమనే మా సలహా. స్టాంపు డ్యూటీ లేదు, కొద్దిపాటి ఫీజు అవుతుంది. అసలు పోయినా నకలు దొరుకుతుంది. రిజిస్టరు చేసిన తరువాత కూడా మీరు బతికి ఉన్నంతకాలం మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. ఎన్ని రాసినా, సక్రమంగా రాసిన చివరిదే చెల్లుతుంది. వీలునామా రాసినంత మాత్రాన మీ పొలం మీ చేయి దాటిపోదు. ఆ కాగితానికి ప్రాణం మీరు పోయాకే వస్తుంది.

ఏమి రాయాలి? పొలమైతే సర్వే నెంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇల్లయితే డోరు నెంబరు. గేదెలు, సంఘంలో వాటా ధనం, బ్యాంకు నిలవ, బాకీలు కూడా రాయండి. "నా ఆస్తి యావత్తూ" అని ఒక్క మాటలో తేల్చేస్తే తరువాత వెతుక్కునేవారు చిక్కుల్లో పడతారు. ఎవరికైనా తక్కువ ఇస్తే, అసలు ఇవ్వకపోతే, కారణం ఒక వాక్యం రాయండి. కారణం లేకుండా భార్యనో బిడ్డనో వదిలేసిన వీలునామాను కోర్టు అనుమానంగా చూస్తుంది. లాభం పొందే కొడుకే దగ్గరుండి రాయించి, తానే సాక్షులను తెచ్చి, ఆసుపత్రి మంచం మీద వేలిముద్ర వేయించిన కాగితాన్నీ అంతే. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే రాయండి. బాగా పెద్దవారైతే ఆ రోజు డాక్టరు ఇచ్చిన కాగితం ఒకటి జతపరచండి.

చాలామంది మగవారు భార్య విషయంలో, "ఆమె బతికినంతకాలం అనుభవించి, తదనంతరం కుమారులు పొందవలెను" అని రాయిస్తారు. దస్తావేజు లేఖరులకు అది అలవాటైన వాక్యం. అలా రాస్తే ఆమె ఆ పొలం అమ్మలేదు, తాకట్టు పెట్టలేదు. మందుల ఖర్చుకు కూడా కొడుకుల మొహం చూడాలి. మనోవర్తికి బదులుగా ఇచ్చిన ఆస్తి అయితే అది ఆమెకు సంపూర్ణ హక్కే అవుతుందని, మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే, 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రతి ఇల్లాలూ సుప్రీంకోర్టు దాకా వెళ్లలేదు. ఉన్న ఇల్లు, కొంత పొలం సంపూర్ణ హక్కుతో భార్యకు రాయడమే మంచిదని మా అభిప్రాయం. ముందు వరుసలో కొందరికి ఇది నచ్చలేదని తెలుస్తూనే ఉంది. నలభై ఏళ్లు పేడకడులు ఎత్తిన మనిషికి అది ఎక్కువ కాదు.

పిత్రార్జితంలో మీ వాటా వరకే మీరు వీలునామా రాయగలరు. కొడుకులు, కూతుళ్ల వాటా మీది కాదు. ముస్లిం సభ్యులు అప్పులు, అంత్యక్రియల ఖర్చు పోగా మూడోవంతుకు మించి వీలునామా రాయాలంటే వారసుల సమ్మతి ఉండాలి.

ప్రొబేటు అనే మాట కొందరు అడిగారు. వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్ర వేసి ఇచ్చే ధ్రువీకరణ అది. చెన్నై, ముంబయి, కలకత్తా నగరాల ఆస్తులకు అది లేనిదే హక్కు నిలబడదనే నియమం చాలాకాలం ఉండేది. మన జిల్లాల్లోని హిందువుల వీలునామాలకు అది తప్పనిసరి కాదు. వారసుల మధ్య పేచీ లేకపోతే వీలునామా, మరణ ధ్రువపత్రం చూపి రెవెన్యూ రికార్డులో పేరు మార్పించుకోవచ్చు. పేచీ ఉంటే సివిలు కోర్టే దిక్కు.

వీలునామా లేనప్పుడు ఏ కాగితం దేనికో కూడా గుర్తుంచుకోండి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఎవరెవరు ఉన్నారో చెబుతుంది, వాటాలు తేల్చదు. బ్యాంకు డబ్బు, డిపాజిట్లు, రావలసిన బాకీల కోసం సివిలు కోర్టు ఇచ్చేది వారసత్వ ధ్రువపత్రం. పొలానికి అది పనికిరాదు. పట్టాదారు పాసుపుస్తకంలో పెద్దకొడుకు పేరు ఒక్కటే ఎక్కినా మిగతావారి హక్కు పోదు. కానీ పుస్తకం చేతిలో ఉన్నవాడు బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకోగలడు, కాబట్టి ఊరుకోవద్దు. తెలంగాణలో పొలాలున్నవారికి ఒక మాట: 2025 నాటి భూభారతి చట్టం ప్రకారం వారసత్వ మార్పులకు తహసీల్దారు విచారణ జరపాలి. నోటీసు వస్తే పక్కన పడేయకండి.

పోయినవారి అప్పు సంగతి. వారసులు తమకు వచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. గేదె రుణం తీరలేదని కొడుకు సొంత సంపాదన మీద పడటానికి వీల్లేదు. అతను హామీ సంతకం పెట్టి ఉంటే అది వేరే సంగతి.

చివరగా, బతికుండగానే పిల్లలకు రాసిచ్చే దాన సెటిల్‌మెంటు. వీలునామాకు దీనికి హస్తిమశకాంతరం. ఇది రిజిస్టరైన రోజే ఆస్తి చేయి దాటుతుంది. రాసిచ్చిన మరుసటి ఏడే పాలడబ్బు కోసం కోడలిని అడుక్కునే స్థితికి వచ్చిన సభ్యులను మేము చూశాం. రాయకతప్పకపోతే, మమ్మల్ని పోషించాలి, చూసుకోవాలి అనే షరతు ఆ దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కింద, ఆ షరతు తప్పితే ట్రిబ్యునలు ఆ దస్తావేజును రద్దు చేయగలదు. దస్తావేజులో షరతు లేకపోతే వాదన కష్టమవుతుంది.

ఇక సంఘం పని. ఈ నెలాఖరులోగా సభ్యుల రిజిస్టరు సరిచూసి, కాలం చేసిన వారి పేర్ల జాబితా తయారు చేయమని కార్యదర్శి గారిని కోరాం. ఆ నెంబర్ల మీద పాలు పోస్తున్నవారు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెచ్చి, బైలా ప్రకారం తమ పేర సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఎవరి మీదా చర్య ఉండదు, భయపడవద్దు. నామినేషను ఫారాలు టెస్టింగు బల్ల పక్కన పెట్టించాం. పెళ్లికి ముందు చేరినవారు, నామినీ చనిపోయినవారు, ఎవరి పేరు రాశారో గుర్తులేనివారు ఈ సాయంత్రం పాలు పోసిన తరువాత ఆగి, మీ పేజీ చూసుకుని వెళ్లండి. మేము ఏడున్నర బస్సు దాకా ఇక్కడే ఉంటాం.